ఆకు పిలుపుకు వచ్చిన అతిథి

పల్లకీ దండెను వడ్రంగి రెండుగా చీల్చగానే, లోపలి పుచ్చుపొడితో పాటు ఒక రాగి రేకు జారి కింద పడింది.

ఎర్రమడుగు చెన్నరాయుడి గుడి మండపంలో నిలబడి చూస్తున్న వాళ్ళంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు ఉన్న రేకు అది. పచ్చగా చిలుము పట్టింది. అర్చకుడు దాన్ని చింతపండుతో తోమించి, ఎండలోకి పట్టుకుని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివాడు.

"దండు వస్తూ ఉన్నది. అమ్మవారిని బోయ చిన్నోబయ్య చేతికి అప్పగించినాము. దొనలవాగు దాటి, కవల బండల నడుమ, తూర్పు మొగం బిలంలో దాచవలెను."

గుంపు వెనక నిలబడ్డ ఓబులేశు ఆ పేరు వినగానే తల ఎత్తాడు. చిన్నోబయ్య అతని ముత్తాత.

ఆ ఊరి కథ తెలియని వారికి రెండు ముక్కలు చెప్పాలి. చెన్నరాయుడు నల్లమల చెంచు పిల్లను పెళ్ళాడాడని అక్కడివారి నమ్మకం. ఏటా పారువేట నాడు దేవుడు, దేవేరి ఒకే పల్లకీలో అడవి అంచుదాకా వేటకు వెళ్ళేవారు. ముందు దండె మోసేదీ, వేటకు గుర్తుగా మొదటి బాణం వేసేదీ ఓబులేశు వంశం వారే. దోపిడీ దండు వచ్చిన ఏడు అమ్మవారి ఉత్సవ విగ్రహం మాయమైంది. దానితో పాటు చిన్నోబయ్యా మాయమయ్యాడు. విగ్రహాన్ని అప్పగించిన అర్చకుడు దండు కత్తికి బలైపోవడంతో నిజం చెప్పేవారు లేకపోయారు. నాటినుంచి పల్లకీలో స్వామి ఒక్కడే, పక్కన ఖాళీ. నాటినుంచి ఆ ఇంటికి పేరు "అమ్మవారిని అమ్ముకున్న ఇల్లు." దండె ముట్టనివ్వరు. విల్లు గోడకు వేలాడుతూనే ఉంది.

ఓబులేశు ముందుకు తోసుకొచ్చాడు. "ఇన్నారా? మా తాత దొంగ కాదు!"

ధర్మకర్త సుంకిరెడ్డి మీసం దువ్వుకున్నాడు. "అప్పగించినామని రాసినారప్పా, దాచినాడని యాడ రాసినారు? అప్పగిచ్చిన సొత్తునే గదా ఎవడైనా అమ్ముకునేది!"

గుంపులో నవ్వులు. ఓబులేశు ముఖం కందిపోయింది.

"తొమ్మిది దినాలుండాది పారువేటకు," అన్నాడు సుంకిరెడ్డి కాస్త మెత్తబడి. "అమ్మను తెచ్చి పల్లకీలో పెట్టు. ముందు దండె నీ భుజానికి నేనే ఎత్తుతా."

ఓబులేశు నామం పెట్టనిదే పనిలోకి దిగడు. నాలుగెకరాల జొన్నచేను, ఇద్దరు పిల్లలు, భార్య నారమ్మ. అతనికి ఒక అలవాటుంది. ఎంత ఆకలి మీద ఉన్నా, కంచం ముందు కూర్చునే ముందు గడప దాటి వీధిలోకి వెళ్ళి, "ఆకలైనోళ్ళు ఎవరన్నా ఉండారా? రాండి!" అని మూడుసార్లు పిలుస్తాడు. ఎవరైనా వస్తే వారికి పెట్టాకే తింటాడు. ఎవరూ రాకపోతే ఒక ముద్దను కుక్కకో కాకికో వేస్తాడు. ఊరు దొంగ ఇల్లన్నా, బాటసారులకు మాత్రం అది అన్నం పెట్టే ఇల్లు.

ఆ సాయంత్రమే అతడు గోడమీది విల్లు దించి, కొత్త నారి బిగించాడు. బామ్మర్ది కంబగిరి తోడు వస్తానన్నాడు. నోరు పెద్దది, గుండె మాత్రం చెడ్డది కాదు.

నారమ్మ జొన్నపిండి మూట అందిస్తూ ఒక్కటే అంది. "తెచ్చినా తేకున్నా, నువ్వు నువ్వుగా తిరిగి రా."

* * *

అడవి అంచున గూడెంలో బయన్న దొరికాడు. చెంచువాడు, యాభై ఏళ్ళ మనిషి. మొలకు గోచీ, భుజాన విల్లు, నోట్లో ఆరిపోయిన చుట్ట. రేకులోని మాటలు విని పకపకా నవ్వాడు.

"మా ఆడబిడ్డ ఇన్నేండ్లు పుట్టింట్లోనే ఉండిందన్నమాట! ఇప్పుడా అల్లుడికి గుర్తొచ్చింది? సరే, పెండ్లికొడుకు తరపోళ్ళు వచ్చినారు. మర్యాద చెయ్యాల గదా. పాండి!"

"నిన్ను ఏమని పిలవాల?" అడిగాడు ఓబులేశు.

"పిల్లనిచ్చినోణ్ణి ఏమంటారు? మామా అను."

మూడు రోజులు నడిచారు. ఏపె, నల్లమద్ది చెట్ల మధ్య ఎండ చిల్లుల దుప్పటిలా పరచుకుంది. రాళ్ళ సందుల్లో వాగులు పాములై జారుతున్నాయి. రెండోనాడు ఒక లోతైన మడుగు దాటుతుంటే కంబగిరి కాలు జారింది. అతడు తేలాడు గానీ పిండి మూట కొట్టుకుపోయింది.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అని అరిచాడు ఓబులేశు. "నువ్వు మునిగినా బాగుండు, పిండి మిగిలేది!"

"బావా, అక్కకు ఏం చెప్తావు మరి?"

బయన్న నవ్వి, తేనెపట్టు చూపించాడు. గడ్డలు తవ్వించాడు. నడుస్తూనే ఒక లేత ఆకును మడిచి, పెదవుల మధ్య పెట్టి ఊదాడు. దుప్పిపిల్ల తల్లి కోసం ఏడ్చినట్టు సన్నని, వణికే ఏడుపు అడవిలోకి పాకింది. కంబగిరికి ఒళ్ళు జలదరించింది.

"ఇది ఆకు పిలుపు," అన్నాడు బయన్న. "ఈ ఏడుపుకు తల్లి దుప్పి పరుగెత్తుకొస్తాది. దాని వెనక, ఏందబ్బా అని పోతు వస్తాది. తల్లిని కొట్టకూడదు. పోతును కొట్టచ్చు. ఇంకొకటి కూడా వస్తాది, చూడు. తినేది. చిరుతో, రేచుకుక్కో. పిల్ల ఒంటిగా ఏడుస్తాందంటే దానికి అన్నం గంట కొట్టినట్టే."

"అప్పుడేం చేస్తావు?"

"లేచి నిలబడి మనిషిని చూపిస్తా. 'తప్పైంది, ఈడ ఏమీ ల్యా, పో' అంటా. పోతాది. ఆకలి మీద వచ్చినదాన్ని కొట్టకూడదు. ఇంకో మాట. పిలిచినోడు కొట్టకూడదు, కొట్టేవోడు పిలవకూడదు."

"అదేంది మామా?"

"పిలుపు అబద్ధం గదా. అబద్ధం ఒకటి, చంపుడు ఒకటి. రెండూ ఒకే మనిషి మోస్తే నడుము ఇరుగుతాది. అందుకే ఇద్దరం పంచుకుంటాం."

ఓబులేశుకు ఆ మాట నచ్చింది. ఆ మధ్యాహ్నమంతా తానూ ఆకు ఊదడం నేర్చుకున్నాడు. మొదట పిల్లి అరిచినట్టు వచ్చింది. కంబగిరి పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి అచ్చంగా దుప్పిపిల్లే ఏడ్చింది. ఎవరూ నవ్వలేదు.

* * *

నాలుగోనాడు దొనలవాగు దాటాక, ఏనుగు కుంభస్థలాల్లా పక్కపక్కన నిలిచిన రెండు బండలు కనబడ్డాయి. వాటి నడుమ, తూర్పు ఎండ నేరుగా పడేచోట, నడుమెత్తు బిలం నోరు తెరుచుకుని ఉంది.

"అమ్మా!" అని ఓబులేశు నేలమీద సాగిలపడ్డాడు. లేచి పరుగెత్తబోయేసరికి బయన్న చెయ్యి అతని భుజాన్ని గట్టిగా పట్టింది.

"ఆగు!"

బిలం ముందు మెత్తని ఇసుకలో అడుగులు. బయన్న వంగి వేలితో తాకాడు. "చిరుత. ఈ పొద్దుటివే. మూడు కాళ్ళే పడతాండాయి, చూడు. నాలుగోది ఈడ్చింది. కుంటిది, ఏటాడలేదు. కడుపు మాడిపోయుంటాది. లోపలే ఉండాది."

"పొగ పెడదాం!" అన్నాడు కంబగిరి.

"పొగ పెడితే మన మీదికే వస్తాది. ఇది దాని ఇల్లు. ఆకలైనదానికి అన్నం పెడితే దోవ ఇస్తాది. ఒక దుప్పిని కొడదాం. మనకింత, దానికింత. వాగు దగ్గర తొడ వేస్తే తినడానికి దిగుతాది. కడుపు నిండినాక ఒక రాత్రీ పగలూ నీడ పట్టున పండుకుంటాది. అప్పుడు పోయి అమ్మను తెచ్చుకుందాం."

దారి తెలిసింది గనుక తిరుగు ప్రయాణానికి మూడు రోజులు చాలు. పారువేట ఇంకా అయిదు రోజులుంది. రెండు రోజులు మిగులుతాయి. ఓబులేశు తల ఊపాడు.

వాగు పక్క బోదగడ్డిలో ముగ్గురూ నక్కారు. బయన్న ఆకు ఊదాడు. ఓబులేశు బాణం సంధించి కూర్చున్నాడు. గడ్డి కదిలింది. చెవులు రిక్కించుకుని తల్లి దుప్పి వచ్చింది, ఆత్రంగా నలుదిక్కులా చూసింది. దాని వెనక కొమ్ముల పోతు. ఓబులేశు నారి లాగి వదిలాడు. మూడు తరాలుగా బాణం వేయని చెయ్యి అది. బాణం పోతు వీపు మీదుగా వెళ్ళి చెట్టుకు గుచ్చుకుంది. రెండూ ఒక్క దూకులో మాయమయ్యాయి.

"శాన బాగా కొట్టినావు బావా, చెట్టు సచ్చింది!" అన్నాడు కంబగిరి.

అంతలో బయన్న "ష్" అన్నాడు. బండల వైపు గడ్డి మీద పసుపు రంగు ఏదో కదిలింది. చిరుత. వెన్నుపూసలు లెక్కపెట్టేట్టు ఎండిపోయి ఉంది. పట్టపగలు, దాక్కోవాలనే ధ్యాసైనా లేకుండా, ఏడుపు వినబడ్డ వైపే కుంటుతూ వస్తోంది.

బయన్న లేచి నిలబడి చేతులు రెండూ పైకెత్తాడు. "తప్పైంది తల్లీ! ఈడ పిల్ల ల్యా. పో, సందేళకు పెడతాం. పో!"

చిరుత ఆగింది. మనిషిని చూసింది. కోపంగా కాదు, అలసిపోయినట్టు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి బిలం వైపు వెళ్ళిపోయింది.

"ఈడ ఇంక దుప్పి రాదు," అన్నాడు బయన్న. "ఎగువ నీటి దొన దగ్గర జాడలు చూసొస్తా. మీరు కదలాకండి." అతడు చెట్ల మధ్య కలిసిపోయాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వాగు నీళ్ళు తప్ప ఇంకేమీ మాట్లాడడం లేదు.

"మామ దుప్పిని ఎప్పుడు కొట్టాల, అది ఎప్పుడు తినాల, మనం ఎప్పుడు పోవాల?" కంబగిరి గొణిగాడు. "దుప్పి దొరక్కపోతే? బావా, అది ఇంత దగ్గరకు వచ్చింది గదా. నీకు పిలుపు వచ్చు. ఒక్క బాణం. అయిపాయె. రేపు పొద్దున్నే అమ్మతో దోవ పడతాం."

"మామ వద్దన్నాడు."

"మామకేం? ఆయన్ను ఎవరైనా దొంగ ఇల్లన్నారా?"

ఓబులేశు విల్లు కర్రను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. మండపంలో వినబడ్డ నవ్వులు చెవుల్లో మోగాయి. చెడ్డ పనికి ముందు మనిషి తనతో తాను ఎన్ని మంచి మాటలు చెప్పుకుంటాడో! క్రూర జంతువు, ఎటూ చావబోయేది, అమ్మ కోసమే కదా, అనుకున్నాడు. ఆకు తెంపి మడిచాడు. పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు.

దుప్పిపిల్ల ఏడ్చింది. రెండోసారి. మూడోసారి. ఇంటి గడప ముందు పిలిచినట్టే సరిగ్గా మూడుసార్లు పిలిచాడు. ఆ సంగతి అప్పుడతనికి తోచలేదు.

చిరుత వచ్చింది.

ఈసారి ఇంకా దగ్గరగా వచ్చింది. సందేళకు పెడతామన్న మాటను అది నమ్మిందా? జంతువుకు మాట తెలుస్తుందా? ఏమో. కానీ ఇరవై అడుగుల దూరంలో ఆగి, తల పక్కకు వంచి, ఏడుస్తున్న పిల్ల ఎక్కడుందా అని గడ్డిలోకి చూసింది. నోట్లోంచి నాలుక ఒకసారి బయటికి వచ్చి పెదవులు తడుముకుంది.

ఓబులేశు ఆకును పెదవుల నుంచి తీయకుండానే బాణం వదిలాడు.

ఈసారి గురి తప్పలేదు. బాణం డొక్కలో సగందాకా దిగింది. చిరుత గాలిలోకి ఎగిరి, మెలితిరిగి, అడవి అదిరేట్టు అరిచి, మూడు కాళ్ళతో పడుతూ లేస్తూ బిలంలోకి దూరిపోయింది. ఇసుక మీద నెత్తురు చారలు.

"కొట్టినావు! కొట్టినావు బావా!" కంబగిరి గంతులేశాడు. ఓబులేశు మాత్రం నోట్లోని ఆకు చేదు మింగలేక దాన్ని తీసి, ఎందుకో పారేయలేక, రొండిన దోపుకున్నాడు.

* * *

అరుపు విని బయన్న పరుగున వచ్చాడు. నెత్తురు చూశాడు. విరిగిన గడ్డి చూశాడు.

"ఎవరు కొట్టింది?"

"బావే," అన్నాడు కంబగిరి ముందుకొచ్చి. "మీదికి దూకబోయింది మామా! బావ కొట్టకుంటే ఇద్దరం పోయుందుము."

బయన్న ఓబులేశు ముఖంలోకి చూశాడు. "నిజమేనా? అదే వచ్చిందా? పిలవలేదు గదా?"

ఒక్క మాట. ఒక్క మాట చాలు. ఓబులేశు నోరు తెరిచాడు. ఆకు చేదు ఇంకా నాలుక మీదే ఉంది. తల దించుకున్నాడు.

భయపడ్డాడనుకున్నాడు బయన్న. అతని భుజం తట్టాడు. "పోనీలే. పిలిచినది గాయపడితే పిలిచినోడే లోపలికి పోవాల, అది కట్టుబాటు. తనంతట తాను వచ్చినదైతే అడివోడే సాగనంపాల. గాయంతో వదిలేస్తే పాపం. నేను పోతా."

"మామా..." అన్నాడు ఓబులేశు. బయన్న అప్పటికే బిలం వైపు తిరిగాడు.

బయన్న కాగడా వెలిగించి, కత్తి పళ్ళ మధ్య పట్టుకుని, బిలంలోకి పాకాడు. కాగడా వెలుగు గోడల మీద పలచబడి, మలుపు తిరిగి, ఆరిపోయింది. ఓబులేశు బిలం నోటి దగ్గర వంగి లోపలికి చూశాడు.

గర్జన! ఆ వెనకే మనిషి కేక!

"మామా!" ఓబులేశు విల్లు పారేసి తలదూర్చి లోపలికి దూకాడు. గబ్బిలాలు ముఖాన్ని కొడుతూ బయటికి ఎగిరాయి. మోచేతులు చీరుకుపోతున్నాయి. చీకట్లో చేతికి మనిషి కాలు తగిలింది. దాన్ని రెండు చేతులా పట్టి, వెనక్కి పాకుతూ, ఒక్కో బెత్తెడే లాగాడు. వెలుగులోకి వచ్చాక చూస్తే బయన్న కుడి భుజం చీలి కండ వేలాడుతోంది. కంబగిరి తలపాగా చించి కట్టాడు. గుడ్డ క్షణంలో ఎర్రబడింది.

"మలుపులో పడుకుని ఉండాది," బయన్న పళ్ళు బిగించి అన్నాడు. "లేవలేకుండానే కొట్టింది. పాపం, దానికి మాత్రం..."

"మామా!" ఓబులేశు రొండినుంచి నలిగిన ఆకు తీసి అతని ముందు పెట్టాడు. "అది రాలేదు. నేను పిలిచినా. మూడుసార్లు పిలిచినా. పిలిచి కొట్టినా."

బయన్న ఆకును చూశాడు. ఎడమ చేత్తో దాన్ని పక్కకు నెట్టాడు. ఆ తర్వాత ఓబులేశు వైపు చూపు తిప్పి అన్నాడు. "నేను అడిగినప్పుడు చెప్పుంటే, ఈ చెయ్యి నాకుండేది గదప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఓబులేశు నీళ్ళ బుర్ర భుజానికి తగిలించుకున్నాడు, కాగడా పట్టాడు. "కట్టుబాటు నాది," అని కంబగిరి వద్దంటున్నా బిలంలోకి దూరాడు.

మలుపులో చిరుత పడి ఉంది. కాగడా వెలుగుకు కళ్ళు పచ్చగా మెరిశాయి. తల ఎత్తబోయి ఎత్తలేకపోయింది. అప్పుడు కనిపించింది ఆ ముందుకాలు. కండలోకి దిగిపోయి, చుట్టూ చీము పట్టిన ఇనుప తీగ. జొన్నచేలలోకి పందులు రాకుండా పెట్టే ఉచ్చు. తీగ చివర రెండు మెలికల ముడి. అది ఎర్రమడుగులో అందరూ వేసే ముడి. ఓబులేశు వేసేదీ అదే.

అతడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆకలైన వారు రండని ఇరవై ఏళ్ళుగా పిలిచిన నోరు అది. అదే నోటితో పిల్ల ఏడుపు ఏడ్చి, ఆకలి మీద ఉన్న ప్రాణిని రమ్మని, బాణం పెట్టాడు. కాలు కుంటి చేసిందీ తన ఊరే. పెట్టడానికి అతని దగ్గర ఇప్పుడేమీ లేదు. బుర్ర వంచి, దాని నోటి ముందు రాతి గుంటలో నీళ్ళు పోశాడు. నాలుక ఒకసారి నీటిని తాకింది. రెండోసారి తాకలేదు.

పచ్చని కళ్ళు ఆరిపోయేదాకా అతడు అక్కడే కూర్చున్నాడు.

దాని వెనక బిలం వెడల్పయింది. ముందుకు వెళ్ళాలంటే ఆ శరీరం మీదుగా పాకాలి. వేరే దారి లేదు. పాకాడు. లోపల మనిషెత్తు గది. పైకప్పు నుంచి ఊడిపడ్డ బండ కింద నలిగిన రెండు కాలి ఎముకలు, గోడకు ఆనుకుని కూర్చున్నట్టు మిగతా అస్థిపంజరం. చేతి ఎముకకు చక్రం గుర్తున్న రాగి కడియం, గుడి పల్లకీ మోసేవాళ్ళది. పక్కన అమ్ములపొది. అందులో తొమ్మిది బాణాల ములుకులు, తొమ్మిదీ వాడనివే. కాళ్ళు నలిగిన ఆ మనిషి ప్రాణం పోయేలోగా, చేతికందిన గూట్లోకి మైనపు గుడ్డలో చుట్టిన మూటను ఎత్తి పెట్టి ఉంటాడు.

మైనపు గుడ్డ విప్పితే, మూరెడెత్తు అమ్మవారు, బరువైన పంచలోహ విగ్రహం. చేతిలో చిన్న విల్లు. పెదవిమీద చెంచు పిల్ల నవ్వు.

ఈ క్షణం కోసమే ఓబులేశు బతుకంతా ఎదురుచూశాడు. ముత్తాత దొంగ కాడు. కానీ ఆ నవ్వు ముఖంలోకి అతడు చూడలేకపోయాడు. మచ్చ లేకుండా చచ్చిపోయిన ముత్తాత ముందు, మచ్చతో బతికి ఉన్న మునిమనవడు తల వంచుకుని కూర్చున్నాడు.

"బావా!" బయటినుంచి కంబగిరి కేక. "నెత్తురు ఆగల్యా! బిరీన రా!"

ఓబులేశు గుడ్డను మళ్ళీ చుట్టి, విగ్రహాన్ని గూట్లోనే పెట్టి, బయటికి పాకాడు.

"అమ్మ ల్యాదా?"

"ఉంది. తాత కూడా ఉండాడు."

"మరి తేలేదేం?" కంబగిరి గొంతు తగ్గించాడు. "బావా, ఒక మాట. మామకు నీళ్ళు పెట్టి, ముళ్ళకంప అడ్డం వేసి పోదాం. అమ్మను తీసుకుని పరుగెత్తి, గూడెం వాళ్ళను పంపిద్దాం. పారువేటకు అందుకుంటాం. మూడు తరాల మాట బావా!"

"అమ్మతో పరుగెత్తితే మామ ఈడ సస్తాడు. ఇద్దర్నీ ఒక్కసారి ఎత్తితే అడుగు పడదు." ఓబులేశు కత్తితో వెదురు నరకడం మొదలుపెట్టాడు. "మన భుజాలు రెండు, దండె ఒకటే. పల్లకీ మోసే ఇంటోళ్ళం గదా. పట్టు!"

పంచె విప్పి వెదురుకు కట్టి డోలీ చేశారు. ముందు వైపు ఓబులేశు ఎత్తుకున్నాడు. మూడు తరాల తర్వాత ఆ ఇంటి భుజం మీదికి ముందు దండె వచ్చింది. అందులో దేవుడు లేడనగలమా?

* * *

రాళ్ళ మీద, నడుముదాకా నీళ్ళలో, ముళ్ళలో, ఇద్దరూ ఆగకుండా మోశారు. రెండోనాటి పొద్దున నెత్తురు వాసన పట్టి రేచుకుక్కలు వెంటపడ్డాయి. ఎర్రని వీపులు గడ్డిలో రెండు పక్కలా సాగుతూ, ఈల వేసినట్టు అరుచుకుంటూ దగ్గరకొస్తున్నాయి.

"బావా, బాణం!"

"వద్దు!" డోలీలోంచి బయన్న నీరసంగా అరిచాడు. "పరుగెత్తాకండి! నిలబడాకండి! మనుషులమని చెప్పండి, గట్టిగా మాట్లాడండి!"

ఏం మాట్లాడాలో తోచక ఓబులేశు గోవింద నామాలు ఎత్తుకున్నాడు. కంబగిరి వెనకనుంచి "గోవిందా!" అని అడవి మారుమోగేట్టు అరిచాడు. కొండవాలు దిగేదాకా కుక్కలు వెంట వచ్చాయి. పిలవకుండా వచ్చినవి, పిలవకుండానే వెళ్ళిపోయాయి.

"ఆడపెండ్లివోణ్ణి పల్లకీ ఎక్కించినారు," బయన్న కళ్ళు మూసుకునే గొణిగాడు. "ఇప్పటికి మర్యాద నేర్చుకున్యారు."

ఓబులేశు దండెను రెండో భుజానికి మార్చుకున్నాడు. అతని వీపు బయన్న వైపు ఉంది. ఏడవడానికి అది వీలైంది.

నాలుగోనాటికి గూడెం చేరారు. బయన్న భార్య ఆకు పసరు కట్టింది. పది రోజులు జ్వరంతో కొట్టుకుని అతడు బతికాడు. కుడి చెయ్యి మాత్రం భుజం కన్నా పైకి లేవలేదు. విల్లు ఇక ఎత్తలేడు. పారువేట ఎప్పటిలాగే జరిగింది. పల్లకీలో స్వామి ఒక్కడే.

తర్వాత ఊరివాళ్ళు, గూడెంవాళ్ళు కలిసి వెళ్ళి అమ్మవారిని తెచ్చారు. ఓబులేశు అడిగితే చిరుతను ఆ బిలం ముందే మట్టి చేశారు. చిన్నోబయ్య ఎముకలకు వాగు ఒడ్డున దహనం జరిగింది. మరుసటి ఏడు పారువేట నాడు సుంకిరెడ్డి నలుగురి ముందూ ఓబులేశు చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు మాదప్పా. రా, ముందు దండె నీది. మొదటి బాణం నీది."

ఓబులేశు చెయ్యి విడిపించుకున్నాడు. జరిగిందంతా చెప్పాడు. ఆకు సంగతి, బాణం సంగతి, తీగ ముడి సంగతి, అడిగినప్పుడు తల దించుకున్న సంగతి. ఏదీ మింగలేదు. కంబగిరి పక్కన నిలబడి, "అబద్ధం ఆడింది నేను," అన్నాడు.

"మా తాత మచ్చ పోయింది. అది చాలు," అన్నాడు ఓబులేశు. "దండె నా కొడుకులకు ఇయ్యండి. నాకొద్దు. ఒకటి మాత్రం అడుగుతా. చేలల్లో తీగ ఉచ్చులు పీకేయండి."

పల్లకీ కదిలింది. స్వామి పక్కన అమ్మవారు. ఓబులేశు అందరికన్నా వెనక, ధూళిలో నడిచాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బయన్న తేనె బుర్రతో ఎర్రమడుగు వచ్చాడు. నారమ్మ లోపల పీట వేసింది. విస్తళ్ళు పరిచి, జొన్నరొట్టె, పప్పు వడ్డించింది. ఓబులేశు వచ్చి ఎదురుగా కూర్చోబోయాడు.

"ఏమప్పా," అన్నాడు బయన్న, "ఈ ఇంట్లో తినే ముందు పిలుస్తారని ఇన్యానే?"

నారమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అడివి నుంచి వచ్చినకాడి నుంచి పిలవడంల్యా అన్నా. ముద్ద తీసి గడప బయట పెట్టొస్తాడు. నోరు తెరవడు."

"నోరు రాదు మామా," అన్నాడు ఓబులేశు. "పిలవబోతే ఆ చేదే తగులుతాది."

బయన్న ఎడమ చేత్తో రొట్టె తుంచి చూశాడు. "వేడిగానే ఉండాది. ఎవరైనా వస్తే పెడతావా?"

"పెడతా."

"మరి ఇందులో అబద్ధం యాడుండాది? నాకు ఆకలైతాంది. నువ్వు పిలిస్తే గాని తినను. పో."

ఓబులేశు లేచాడు. గడప దాటాడు. వీధి మధ్యకు నడిచాడు. గొంతు మొదటిసారి పలకలేదు. రెండోసారి చీలింది. మూడోసారి వీధి చివరిదాకా వినబడింది.

"ఆకలైనోళ్ళు ఎవరన్నా ఉండారా? రాండి!"

ఆ వేళ ఎవరూ రాలేదు. అయినా అతడు వెంటనే లోపలికి వెళ్ళలేదు. ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊరికి అవతల నల్లగా పరచుకున్న కొండల వైపు చూస్తూ, రావలసిన వాడెవడో ఇంకా దారిలోనే ఉన్నట్టు, చాలాసేపు నిలబడ్డాడు.